పాత సామాను, కొత్త మోసము
(సంఘ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



ఇల్లు మారునప్పుడు, పిల్లలు దూర దేశములకు వెళ్ళినప్పుడు, ఇంట మిగిలిపోయిన బీరువాను, కుట్టుమిషనును అమ్మదలచుట సహజము. పూర్వము పాత సామాను వర్తకుడు గుమ్మము ముందుకు వచ్చి, తట్టి చూచి, బేరమాడి, రొక్కము చేతిలో పెట్టి కాని వస్తువును బండి కెక్కించెడివాడు కాడు. ఇప్పుడు ఫొటో తీసి ఓఎల్‌ఎక్స్, ఫేస్‌బుక్ వంటి చోట్ల ప్రకటించుచున్నాము. ఈ సౌకర్యమును మేము నిందింపము. అయితే కొనువాని వేషమున వచ్చు మోసగాని పద్ధతి తెలియకుండ ఈ అంగడిలో అడుగు పెట్టుట క్షేమము కాదు.

మొదట ఒక్క విషయము మనసున నాటుకొనవలెను. 2016లో ప్రారంభమైన యూపీఐ పద్ధతిలో, ఇతరులు పంపిన డబ్బు మన ఖాతాలో చేరుటకు మనము పిన్ నొక్కవలసిన పని లేదు. క్యూఆర్ గుర్తును స్కాన్ చేయవలసిన పనియు లేదు. సొమ్ము మన ఖాతా నుండి పోవునప్పుడును, నిల్వ చూచుకొనునప్పుడును మాత్రమే పిన్ కావలెను. "డబ్బు తీసికొనుటకు పిన్ కొట్టుడు" అని ఎవరైన అన్నచో, అతడు ఎంత మర్యాదగా మాట్లాడినను, ఫోను పెట్టివేయుటయే ఉచితము.

మోసము సాధారణముగ నడచు తీరు ఇది. ప్రకటన వేసిన కొంతసేపటికే ఫోను వచ్చును. కుట్టుమిషను కుట్టునా కుట్టదా అని ఆ పెద్దమనిషి అడుగడు. ఎనిమిదివేలన్న ఎనిమిదివేలకే సమ్మతించును. (బేరమాడని కొనుగోలుదారుని మన పెద్దలు ఎన్నడైన చూచిరా?) తాను సైన్యమున ఉద్యోగిననియు, బదిలీ అయినదనియు, సామాను కొరకు బండి వచ్చుననియు చెప్పి, యూనిఫారముతో ఫొటోను, గుర్తింపు కార్డును పంపును. సైనికుని యెడ మనకు గల గౌరవమే అతని పెట్టుబడి. ఆ కార్డు మరెవరిదో అయియుండును. పిదప నమ్మకము కుదురుటకు ఒక రూపాయియో, ఐదు రూపాయలో నిజముగనే పంపును. అటు తరువాత క్యూఆర్ గుర్తు వచ్చును. స్కాన్ చేసి పిన్ కొట్టినంతనే ఎనిమిదివేలు మన ఖాతా నుండి పోవును. "అయ్యో, పొరపాటు జరిగినది, మరల ఒకసారి చేసినచో రెండును కలిసి తిరిగి వచ్చును" అని వాడు ఓదార్చును. కంగారులో రెండవసారి నొక్కినవారు అనేకులు.

ఇదివరలో ఒక వ్యక్తి మరొక వ్యక్తికి యూపీఐలో "డబ్బు ఇమ్ము" అని అభ్యర్థన పంపు సదుపాయముండెడిది. అదియు మోసగాండ్రకు ఉపకరించుచుండుటచే 2025 అక్టోబరు 1 నుండి నిలిపివేయబడినది. క్యూఆర్ గుర్తు మాత్రము ఉన్నది.

మరికొందరు పదంకెల సెల్ నంబరు నుండి బ్యాంకు సందేశము వంటి దానిని కల్పించి పంపి, "పదిహేనువందలకు బదులు పదిహేనువేలు పంపితిని, మిగిలినది తిరిగి ఇండు" అని ప్రాధేయపడుదురు. స్వయముగ వచ్చి, తమ ఫోనులో పచ్చని గుర్తు చూపి, వస్తువు పట్టుకొని పోవువారును కలరు. వారి ఫోను చూడరాదు. మన ఖాతా నిల్వను మనమే తెరచి చూచిన తరువాతనే వస్తువును గడప దాటింపవలెను. ఫోను తెరను ఇతరులకు చూపు యాప్‌ను వేసికొనుమని ఎవరు చెప్పినను వేసికొనరాదు.

మన వంటి కుటుంబములకు ఇందులో మరొక చిక్కు కలదు. ఇంట తెలుగు, వీధిలో తమిళమో, కన్నడమో, ఒడియాయో, మరాఠీయో, బ్యాంకు సందేశము ఇంగ్లీషు, ఫోనులో వినబడునది హిందీ. సగము అర్థమై, సగము కాక, "సరే" అని నొక్కు పెద్దలు ఎందరో. భీమ్, ఫోన్‌పే, గూగుల్ పే యాప్‌లను తెలుగులోనికి మార్చుకొనవచ్చును. అప్పుడు సొమ్ము చెల్లించుచున్నామను సంగతి మన అక్షరములలోనే కనబడును. ఇక తెలుగులో పలుకరించి, ఇంటిపేరడిగి, "మాదియు మీ వైపే" అని చుట్టరికము కలుపువాడు వచ్చినచో, చెవికి చల్లగ నుండుట నిజమే. భాష మనదైనంత మాత్రమున పిన్ అడుగు హక్కు రాదు.

సొమ్ము పోయినచో, కుమారుడు కోపించునని, కోడలు నవ్వునని దాచరాదు. వెంటనే 1930కి ఫోను చేయవలెను. ఏ రాష్ట్రమున నున్నను అదియే సంఖ్య. బ్యాంకునకు తెలుపవలెను. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ అను ప్రభుత్వ వెబ్‌సైటులో ఫిర్యాదు వ్రాయవచ్చును. లావాదేవీ సంఖ్యను, అవతలివాని ఫోను నంబరును, సందేశములను చెరిపివేయక ఉంచవలెను. పోయిన సొమ్ము మరొక ఖాతాకు మారకముందే నిలుపుటకు యత్నము జరుగును గనుక, గంట ఆలస్యమైనను నష్టమే. ఆలసించినవారును ఫిర్యాదు మానరాదు.

సభ ముగిసిన పిదప మన యువకులు కొందరు వరండాలో కూర్చుందురు. యాప్‌ను తెలుగులోనికి మార్చుకొనదలచినవారు ఫోనుతో వారి వద్దకు పోవలెను. పిన్ మాత్రము మన పిల్లలకు కూడ చెప్పకుడు. కళ్ళజోడు మరువకుడు.