మన పేరు అచ్చులో సరిగ్గా పడాలి



పిల్లల కంప్యూటర్ చదువు గురించి నాలుగు మాటలు చెప్పమని నిర్వాహకులు అడిగారు. మా బాలికల హాస్టల్లో చేస్తున్న ఒక చిన్న పని గురించే చెబుతాం. నెలకొకసారి మేము రెండు పేజీల వార్తాలేఖ తెస్తున్నాం. వార్డెన్, ట్యూటర్లు, వంట అక్కలు, వాచ్‌మన్ తాత, తొమ్మిదో తరగతి పిల్లలు అందరూ దానికి వార్తలు ఇస్తారు. పరీక్షల తేదీలు, మెనూలో మార్పులు, వైద్య పరీక్షల రోజు, దండారి సెలవులకు ఊళ్లకు వెళ్లే బస్సుల సమయం, కొత్తగా చేరినవాళ్ల పేర్లు, చివర ఒక పొడుపు కథ ఉంటాయి. ఒక ప్రతి నోటీసు బోర్డు మీద పెడతాం. తల్లిదండ్రుల ఫోన్లకు పీడీఎఫ్ పంపుతాం.

ఎవరూ చదవని పేరా టైప్ చేయిస్తే వేళ్లకు అలవాటు అవుతుంది గానీ పని రాదు. వార్తాలేఖ అలా కాదు. బస్సు సమయం తప్పు పడితే ఒక తండ్రి రోడ్డు మీద ఎదురుచూస్తూ నిలబడాలి. ఆ సంగతి తెలిసిన పిల్ల ప్రతి అంకె రెండుసార్లు చూసుకుంటుంది.

మొదట యూనికోడ్‌లో టైప్ చేయడం నేర్పాం. పాత తరహా ఫాంట్లలో కొట్టిన తెలుగు, ఆ ఫాంట్ లేని ఇంకో కంప్యూటర్లో తెరిస్తే అర్థం కాని ఇంగ్లిష్ అక్షరాలుగా కనబడుతుంది. యూనికోడ్ తెలుగు ఫోన్లోనూ తెలుగుగానే ఉంటుంది. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో గుణింతాల గుర్తులు ఎడమ చేతికి, హల్లులు కుడి చేతికి వస్తాయి. హిందీకీ అదే అమరిక కాబట్టి ఒక్కసారి నేర్చుకుంటే రెండు భాషలకూ పనికొస్తుంది.

తర్వాత పేజీ అమర్చడం. ప్రతి శీర్షికనూ విడివిడిగా పెద్దది చేసి, బోల్డ్ చేసి కూర్చోకుండా హెడింగ్ స్టైల్ పెట్టిస్తాం. ఆ స్టైల్‌ను ఒక్కచోట మారిస్తే శీర్షికలన్నీ మారతాయి. పత్రిక పేరు పేజీ అంతటా ఉండాలి, కింద వార్తలు రెండు కాలమ్‌లలో రావాలి. అందుకు వార్తల భాగాన్ని వేరే సెక్షన్‌గా పెట్టాలి. మెనూని స్పేస్ బార్ కొట్టి జరిపితే ఫాంట్ మారగానే వరుసలు చెదిరిపోతాయి. టేబుల్‌లో పెడితే కుదురుగా ఉంటుంది. తెలుగుకు పైన గుడులు, కింద వత్తులు ఉంటాయి. వరుసల దూరం మరీ బిగిస్తే అవి తెగిపోతాయి. లిబ్రేఆఫీస్ రైటర్ ఉచితం కాబట్టి ఈ పనులన్నీ ఖర్చు లేకుండా చేసుకోవచ్చు.

ఇవన్నీ ఏ కంప్యూటర్ సెంటర్‌లోనైనా నేర్పుతారు. మేము ముఖ్యంగా చెప్పదలుచుకున్నది పేర్ల గురించి. మన ఇంటి పేర్లు టైప్ చేస్తే చాలాసార్లు కింద ఎర్రగీత పడుతుంది. అది తప్పు అని చెప్పే గీత కాదు, ఆ మాట తన జాబితాలో లేదని యంత్రం చెబుతోంది, అంతే. అది చూపించే దగ్గరి మాట నొక్కేసి మడావి స్థానంలో మాధవి పెడితే ఆ బిడ్డ వంశం పేరే పోతుంది. అందుకే మా పిల్లలకు చెబుతాం: ముందు మనిషిని అడగండి, సరిచూసుకోండి, ఆ తర్వాత ఆ పేరును డిక్షనరీలో కలపండి. ఎర్రగీత లేదని ధీమాగా ఉండొద్దని కూడా చెబుతాం. ఆత్రం మనలో ఇంటి పేరు, తెలుగులో తొందరపాటు. యంత్రానికి ఆ తేడా తెలియదు.

అన్నీ ఒకేసారి మార్చే రీప్లేస్ ఆల్ దగ్గరా జాగ్రత్త కావాలి. కనక అనే ఇంటి పేరును అలా మార్చబోతే కనకాంబరం పువ్వు పేరు కూడా చెడుతుంది. ఒక్కొక్కటి చూసి మార్చాలి.

ఇది పత్రికతో ఆగే విషయం కాదు. కుమ్రం, కుమురం, కొమురం అని ఒకే ఇంటి పేరు ఆధార్‌లో ఒకలా, కుల ధ్రువపత్రంలో ఒకలా, పదో తరగతి మెమోలో ఇంకోలా ఉంటే స్కాలర్‌షిప్పు దగ్గర, ఉద్యోగం దగ్గర ఆ బిడ్డే నిలబడి సంజాయిషీ చెప్పుకోవాలి. ఆఫీసుల చుట్టూ తిరిగే కూలి రోజులు తల్లిదండ్రులవి. "మీ పేరు ఎలా రాసుకుంటారు?" అని అడిగే అలవాటు ఈ రెండు పేజీల దగ్గర మొదలైతే, రేపు ఈ పిల్లలు ఆఫీసుల్లో కూర్చున్నప్పుడు ఇంకొకరి పేరునూ జాగ్రత్తగా రాస్తారు.

మన భాష పుస్తకంలోకి ఎక్కడం కొత్త కాదు. 1943లో హైమండార్ఫ్ దొర కాలంలో మర్లవాయిలో గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ మొదలైంది. అప్పటి గోండి వాచకాలు నాగరి లిపిలో వచ్చాయి. నార్నూర్ మండలం గుంజాలలో పెద్దలు దాచుకున్న రాతప్రతుల వల్ల మన సొంత లిపి లోకానికి తెలిసింది. 2018లో యూనికోడ్ 11వ వెర్షన్‌లో గుంజాల గోండి లిపికి చోటు దొరికింది. నోటో సాన్స్ గుంజాల గోండి ఫాంట్ ఉచితంగా దొరుకుతుంది. మా వార్తాలేఖ పేరు తెలుగులోనూ, కింద ఆ లిపిలోనూ ఉంటుంది. కొలాం, తోటి, నాయకపోడ్ పిల్లలూ మాతో ఉన్నారు. పొడుపు కథ వాళ్ల ఇంటి మాటల్లో, తెలుగు అక్షరాలతో వేస్తున్నాం.

పెద్దలను మూడు కోరుతున్నాం. బిడ్డను హాస్టల్లో చేర్చేటప్పుడు అన్ని కాగితాల్లో పేరు ఒకేలా ఉందో లేదో మాతో కూర్చుని చూడండి. తేడా ఉంటే పదో తరగతికి ముందే సరిచేయించుకుందాం. గుంజాల లిపి వచ్చిన అన్నలు, అక్కలు నెలకొక పూట వచ్చి మా పేజీ చదివి తప్పులు చెప్పండి. వార్తాలేఖ మీ ఫోన్‌కు వచ్చినప్పుడు మీ పిల్లతోనే చదివించుకోండి, మీ ఇంటి పేరు సరిగ్గా పడిందో లేదో చెప్పండి.