పిల్లలతో కూడ చదవటం: ఒక పావురము కథ
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



మేము పండితులము కాము. మెట్రిక్యులేషనుతో చదువు ముగించి రైల్వే గూడ్సు ఆఫీసులో రశీదులు వ్రాసుకొనే గుమాస్తాలము. సాహిత్యోపన్యాసము మా వల్ల కాదు. మా ఇంటిలో జరిగిన ఒక సంగతి మాత్రము మనవి చేస్తాము.

2019 మే 3వ తేదీన ఫణి తుఫాను పూరీ దగ్గర తీరము దాటినప్పుడు మా అమ్మాయికి నాలుగేండ్లు. మా వంటింటి పైరేకు ఎగిరిపోయింది. మేము డ్యూటీలో చిక్కుకొని మరునాటి సాయంత్రము గాని ఇల్లు చేరలేదు. నాటి నుండి గాలి కాస్త గట్టిగా వీస్తే ఆ పిల్ల తల్లి కొంగు వదలదు.

మన ఖుర్దా రోడ్డు పిల్లల సంగతి మీకు తెలిసినదే. బడిలో ఒడియా, హిందీ, ఇంగ్లీషు. తెలుగు ఇంటిలో మాట వరకే. ఆ మాటయినా నిలుపుదామని నిరుడు రాత్రి భోజనములయ్యాక అరగంట సేపు ఇద్దరము కూర్చొని ఒక పుస్తకము మొదలుపెట్టాము. అది ధనగోపాల్ ముఖర్జీగారు ఇంగ్లీషున వ్రాసి 1927లో ప్రకటించిన 'గే-నెక్' అనే నవల. మరుసటి యేడు అమెరికాలో పిల్లల పుస్తకములకిచ్చే న్యూబెరీ పతకము దానికి లభించింది. కలకత్తా బాలుడొకడు పెంచుకొన్న పావురము కథ. పావురము పేరు చిత్రగ్రీవము, అనగా రంగుల మెడ గలది. ఆ పేరు వినగానే మాకు ప్రాణము లేచి వచ్చింది. చిన్నయసూరిగారి నీతిచంద్రికలో వలతో సహా ఎగిరిపోయిన కపోతరాజు చిత్రగ్రీవుడే గదా!

ఇంగ్లీషున ఒక పేరా చదవటం, తెలుగున చెప్పటం, ఇదీ మా పద్ధతి. అమ్మాయి 'పారా' అంటే మేము 'పావురము' అనేవారము, మా అమ్మగారు మూలనుండి 'గువ్వ' అనేవారు. డేగ అన్న మాట అమ్మాయికి ఆ పుస్తకముతోనే వచ్చింది.

కథలో ఒకచోట తండ్రి పావురము గాలివానలో పోయి తిరిగి రాదు. అది చూడగానే మాకు గొంతు పట్టుకొన్నది. చప్పుడు చేయకుండా ఆ భాగము దాటవేసి ముందుకు సాగినాము. తెలివిగా చేశామనే అనుకొన్నాము.

రెండు రోజుల తరువాత అమ్మాయి అన్నది: "నాన్నా, మీరు వదిలేసింది నేను చదివేశాను. మీరు డ్యూటీకి వెళ్ళినప్పుడు. ఒక్కదాన్నే చదివితే ఇంకా భయమేసింది."

మాకు తల తీసివేసినట్లయినది. భయము తప్పించామనుకొన్నాము, పిల్లను భయముతో ఒంటరిగా వదిలిపెట్టాము. ఆ రాత్రి ఆ భాగమే మళ్ళీ చదివాము. అమ్మాయి మా చేయి పట్టుకొని చివరిదాకా విన్నది. ఫణి నాటి రాత్రి మేమెక్కడున్నామో, ఏమి తిన్నామో, ఎట్లా ఇల్లు చేరామో మొదటిసారి అడిగింది. అంతకు ముందు అడగలేదు, మేమూ చెప్పలేదు.

తరువాత ఏ పుటా వదలలేదు. తల్లి పావురము డేగ వాత పడటం, చిత్రగ్రీవము మొదటి ప్రపంచ యుద్ధములో ఫ్రాన్సుకు పోయి వార్తలు మోయటం, బెదిరి ఎగరలేకపోవటం, హిమాలయములలోని బౌద్ధ మఠములో దాని భయము తీరటం, అన్నీ చదివాము.

పావురములు నిజముగా ఉత్తరాలు మోస్తాయా అని అడిగింది. మన ఒడిశాలోనే పోలీసువారు 1946లో సైన్యము నుండి పావురములు తెచ్చి వార్తలు పంపేవారనీ, 1982 వరదలలోను, 1999 మహా తుఫానుకు తంతులన్నీ తెగినప్పుడు కూడ అవి పనికివచ్చినవనీ చెప్పాము.

"అంత గాలిలోనా?"

"గాలి తగ్గాక."

"అయితే తగ్గుతుందన్నమాట," అన్నది.

భయము పూర్తిగా పోయిందని చెప్పము. ఇప్పుడు గాలి లేస్తే కిటికీ తలుపు తానే వేసి వచ్చి మా ప్రక్కన కూర్చుంటుంది.

పెద్దలకు మా విన్నపము ఒక్కటే. ఉగాది పచ్చడిలో వేపపువ్వు ఏరివేసి పిల్లలకు పెట్టము గదా! పుస్తకములోని చేదు పుటనూ దాటవేయవద్దు. ప్రక్కన కూర్చొని చదవండి. అరగంట చాలు. భాష కూడ ఆ అరగంటలోనే నిలుస్తుంది.