ఆయాసం ఉన్న అక్కని వదిలేయొద్దు



సీఓపీడీ బీడీ, చుట్ట తాగేవాళ్ళకే వచ్చే ఊపిరితిత్తుల జబ్బు అనుకుంటాం. ఏళ్ళ తరబడి కట్టెల పొయ్యి ఊదిన మన అమ్మలకీ, అత్తలకీ వస్తుంది. 1999లో దీపం పథకంతో సంఘాలకి గ్యాస్ వచ్చినా, నీళ్ళు కాచడానికి ఇంకా చాలా ఇళ్ళల్లో కట్టెలే.

ఈ జబ్బు పూర్తిగా పోదు, కానీ బాగా చూసుకుంటే హాయిగా బతకొచ్చు. అలవాటైపోతుందని ఇన్‌హేలర్ మానిపించొద్దు. పీల్చాక నోరు పుక్కిలించి ఉమ్మాలి. ఆయాసం వస్తే ముక్కుతో గాలి పీల్చి, వేడి టీ ఊదినట్టు మెల్లగా వదలాలి. రోజూ ఓపికున్నంత నడవాలి. పెదాలు నీలంగా మారితే 108కి ఫోన్ చేయాలి.

అన్నిటికన్నా ముఖ్యం, "పనికి ఎగ్గొట్టడానికే ఈ దగ్గు" అనే మాట మనింట్లో వినబడకూడదు. మీటింగుకి నడవలేని అక్క ఉంటే, మీటింగు ఆమె అరుగు మీదే పెట్టుకుందాం.