నవ్వుల నాటకంలో ఒక బావి



ఈ పొద్దు మీకు ఒక నాటకం గురించి చెప్తాను. దాని పేరు 'కన్యాశుల్కం'. రాసింది విజయనగరం గురజాడ అప్పారావు గారు. 1892లో మొదటిసారి ఆడినారు. కన్యాశుల్కం అంటే పెండ్లికూతురికి కట్టే వెల. ఆ వెల పెండ్లికొడుకు ఇస్తాడు. పిల్ల తండ్రి తీసుకుంటాడు.

కథలో అగ్నిహోత్రావధాన్లు అని ఒక తండ్రి. పెద్దకూతురు బుచ్చమ్మను ముసలివానికి ఇచ్చినాడు. ఆమె చిన్న వయసులోనే విధవరాలైంది. అయినా ఆయనకు బుద్ధి రాలేదు. చిన్నకూతురు సుబ్బిని లుబ్ధావధాన్లు అనే ఇంకో ముసలాయనకు 1800 రూపాయలకు కుదిర్చినాడు. మన మదనపల్లె మండీలో టమాటా వేలం పాడేటప్పుడు రైతు పక్కనే నిలబడి చూసుకుంటాడు. ఇక్కడ కన్నతల్లికి బేరం అయిపోయినాకే తెలిసింది.

తల్లి వెంకమ్మ వద్దంటుంది. ఆయన కోపంతో ఎగురుతాడు. ఆ అరుపులకు చూసేవాళ్ళు నవ్వుతారు. ఆ నవ్వు ఆగకముందే వెంకమ్మ బావిలో దూకుతుంది. జనం పరుగెత్తి బయటికి తీస్తారు.

తరువాత మళ్ళీ నవ్వులే. వెంకమ్మ తోడబుట్టినవాడు కరటకశాస్త్రి. ఆయన తన శిష్యునికి ఆడవేషం వేసి ముసలాయనకు పెండ్లి చేస్తాడు. భారతం ఆడేటప్పుడు మన పక్క మగవాళ్ళే ద్రౌపది వేషం కడతారు కదా, అట్లా! సుబ్బి బతికిపోయింది.

ఇది ఉత్త కథ కాదు. ఆ కాలంలో విజయనగరం మహారాజు లెక్క తీయించినారు. విశాఖపట్నం పక్క బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేండ్లలో 1034 ఇట్లాంటి పెండ్లిళ్ళు తేలినాయి. అందులో ఏడాది వయసు బిడ్డలు ముగ్గురు!

వెంకమ్మ మాట ఇంట్లో చెల్లలేదు. బయట అడిగే చట్టమూ లేదు. బావి ఒకటే కనబడింది. ఇప్పుడు 2006 చట్టం ఉంది. 18 ఏండ్లు నిండని పిల్లకు పెండ్లి చేస్తే నేరం. 1098కి ఫోన్ చేస్తే చాలు, డబ్బు పడదు.

కన్యాశుల్కం పోయింది. కట్నం వచ్చింది. 1961లోనే చట్టం వద్దనింది. అయినా బేరం ఆగలేదు. డబ్బు ఇచ్చే చెయ్యి మాత్రం మారింది.

బావి దగ్గరికి పోయే ముందు వెంకమ్మ మీ గడప తొక్కిందనుకోండి. మీరు ఆమెకు ఏమి చెప్తారు? ఎవరిని పిలుస్తారు? నలుగురూ కూర్చుని మాట్లాడుకోండి.