యముడి కొలువులో సమ్మె

దేవుణ్ణి నమ్ముతూనే ఆయనతో వేళాకోళమాడే చనువు మన కవులకు నిందాస్తుతి నాటినుంచీ ఉంది. వచనంలో ఆ పని గురజాడ చేశారు. 1910లో వచ్చిన ‘మీ పేరేమిటి?’ కథలో శైవులూ వైష్ణవులూ మా దేవుడు గొప్పంటే మా దేవుడు గొప్పని నిప్పుల గుండం దాకా వెళ్తారు. అయితే అక్కడ నవ్వు దేవుడి మీద కాదు, ఆయన పేరుతో తగవులాడే వాళ్ల మీద.

విశ్వనాథ సత్యనారాయణగారి దారి వేరు. ‘హాహాహూహూ’ నవలలో గుర్రపు తల గంధర్వుడొకడు లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్‌లో పడతాడు. తెల్లవాళ్లు అతణ్ణి బోనులో పెట్టి పరిశీలిస్తారు. పురాణం చేత ఆధునికుణ్ణి ఎగతాళి చేయించారాయన.

1977లో ‘యమగోల’ సినిమా వచ్చింది. ఎన్టీఆర్ యమలోకానికి వెళ్లి యమభటుల చేత సమ్మె చేయించారు. ఆ హాస్యం రుచి మన భిలాయి కార్మికులకు వేరే చెప్పాలా!

ఇక్కడ భిలాయి కోహ్కాలో ఉన్న మనకు హిందీ వచ్చు కాబట్టి ఇంకొకటి చెబుతాను. జబల్పూర్‌లో ఉండి రాసిన హరిశంకర్ పర్సాయి కథ ‘భోలారామ్ కా జీవ్’. చనిపోయిన పెన్షన్‌దారు జీవుడు యమలోకానికి చేరడు. వెతకడానికొచ్చిన నారదుణ్ణి ఆఫీసులో కాగితాల మీద ‘బరువు’ పెట్టమంటారు. పాపం, వీణ సమర్పించుకోవాల్సి వస్తుంది! తీరా చూస్తే జీవుడు ఫైల్లోనే ఉన్నాడు, పెన్షన్ కాగితాలు వదిలి రానంటాడు.

నన్నడిగితే వీటన్నిటిలోకీ పదును పర్సాయిదే. దొరికితే తప్పక చదవండి.