తల్లి నెత్తురు, బిడ్డ నెత్తురు



1960ల మొదట్లో మా పెద్దత్తయ్యగారికి తొలి కాన్పు సుఖంగా అయింది. ఆ తరవాత పుట్టిన ఇద్దరూ పచ్చకామెర్లతో పురిట్లోనే పోయారు. దిష్టి అన్నారు, దోషమన్నారు, శాంతులు చేయించారు. మాటలు పడింది మాత్రం ఆవిడే. ఎన్నో ఏళ్లకి ఏదో ఆపరేషన్ కోసం రక్తం పరీక్ష చేస్తే ఆర్‌హెచ్ నెగెటివ్ అని తేలింది. "కారణం ఇదే అయి ఉంటుందమ్మా" అన్నారు డాక్టరుగారు.

సంగతేమిటంటే, ఒంట్లోకి పరాయిదేదైనా వస్తే పట్టుకోడానికి మన శరీరం యాంటీబాడీలను తయారుచేస్తుంది. అవి మన కాపలాదార్లన్నమాట. తల్లిది నెగెటివ్ అయి, బిడ్డకి తండ్రి పోలికన పాజిటివ్ వచ్చిందనుకోండి. కాన్పులో బిడ్డ రక్తం కాస్త తల్లి రక్తంలో కలుస్తుంది. అప్పుడు పుట్టిన యాంటీబాడీల వల్ల మొదటి బిడ్డకి సాధారణంగా ఏమీ కాదు. మళ్లీ పాజిటివ్ బిడ్డే కడుపున పడితే మాత్రం, అవి మాయ దాటి వెళ్లి ఆ పసిగుడ్డు ఎర్రకణాలను నాశనం చేస్తాయి.

చిత్రమేమిటంటే, దీనికి విరుగుడూ యాంటీబాడీలే! అవి ఉన్నవారి రక్తంనుంచి తీసి, సూదిమందుగా ముందే ఇస్తే, తల్లి శరీరం సొంతంగా వాటిని తయారుచేసుకోదని 1960లలో లివర్‌పూల్‌లోనూ, న్యూయార్క్‌లోనూ పరిశోధకులు రుజువు చేశారు. ఇచ్చినవి కొన్ని నెలల్లో పోతాయి. అదే యాంటీ-డి ఇంజెక్షన్. 1968లో అమెరికాలో వాడుకకు అనుమతి వచ్చింది.

ఆస్ట్రేలియాలో జేమ్స్ హారిసన్ అనే ఆయన పద్నాలుగో ఏట పెద్ద ఆపరేషనై, ఇతరులు ఇచ్చిన రక్తంతో బతికారు. ఆ రుణం తీర్చుకోవాలని 1954 నుంచి 2018 దాకా 1173 సార్లు దానం చేశారు. ఈ యాంటీబాడీలు ఆయన రక్తంలో పుష్కలంగా ఉండేవి. 2025లో కన్నుమూశారు.

మరి మనం చెయ్యవలసిందేమిటి? నెల తప్పగానే రక్తం గ్రూపు చూపించుకోవాలి. నెగెటివ్ అయితే డాక్టరుగారి సలహాతో ఏడో నెలలో ఒకసారి, పుట్టిన బిడ్డది పాజిటివ్ అయితే 72 గంటల్లోగా మరోసారి ఈ సూది వేయించుకోవాలి. గర్భం పోయినా సరే, అడగడం మరవకండి. ఒంట్లో ఆ యాంటీబాడీలు ఒకసారి పుట్టేశాక ఈ మందు పనిచెయ్యదు.

అత్తయ్యగారి మనవరాలిదీ నెగెటివే. తొలి కాన్పులో మరవకుండా సూది వేయించాం. నిరుడు రెండో పాపాయి పుట్టింది. ముత్తవ్వ ఒళ్లోకి తీసుకుని, "ఆనాడు ఒక్క సూది ఉంటేనా..." అంటూ ఆగిపోయారు.