యాంజియోగ్రామ్ కాగితం నేను చదివిన రోజు



నేను డాక్టర్ను కాను. పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చేసి దుబాయ్‌లో సైట్ సూపర్‌వైజర్‌గా పనిచేస్తున్నాను. గుండె గురించి వీడేం చెప్తాడు అని మీకు అనిపించొచ్చు. ఒక తప్పు చేశాను కాబట్టి చెప్తున్నా.

మూడేళ్ల కింద మా సైట్‌లో షట్టరింగ్ చేసే ఒక అన్నకు పొద్దున్నే ఛాతీలో బరువు, ఎడమ చెయ్యి గుంజుడు మొదలైంది. నిజామాబాద్ వైపు మనిషి. ఆసుపత్రికి తీసుకుపోయాను. ఈసీజీ, రక్త పరీక్ష చేసి యాంజియోగ్రామ్ చేయాలన్నారు. సంతకం పెట్టాల్సిన కాగితం ఇంగ్లీషులో, అరబ్బీలో ఉంది. చదివి చెప్పమని నాకిచ్చారు.

"గుండెలోకి వైరు పంపి రంగుమందు ఎక్కిస్తరంట అన్నా, ప్రాణం పోయే ప్రమాదం కూడా ఉందని రాసిండ్రు" అన్నాను. ఆ మాట కాగితంలో ఉన్నదే. కానీ అది ఎంత అరుదో, పరీక్ష చేయకపోతే ఏమవుతుందో నేను అడగలేదు, వాళ్లూ చెప్పలేదు. "తమ్మీ, ఇంటికి పోయి మనోళ్ల దగ్గర చూపించుకుంట" అన్నాడాయన. వద్దని సంతకం పెట్టి బయటికి వచ్చాడు. నేనూ సరే అన్నాను.

ఊరికి పోయిన నాలుగో రోజు రాత్రి పెద్ద అటాక్ వచ్చింది. హైదరాబాద్ చేరేసరికి గంటలు గడిచిపోయాయి. అక్కడా చేసింది అదే యాంజియోగ్రామ్. కానీ అప్పటికే గుండె కండ కొంత చచ్చిపోయింది.

ఆ తర్వాత దొరికిన చోటల్లా దీని గురించి చదివాను. మనం స్లాబ్‌కు కోరింగ్ చేసేముందు స్కాన్ చేస్తాం కదా, లోపల చువ్వ ఎక్కడుందో, పైపు ఎక్కడుందో తెలియకుండా డ్రిల్ పెట్టం. ఇదీ అంతే. ఎక్స్‌రేలో ఎముక కనపడుతుంది కానీ రక్తం, కండ ఒకే రకంగా కనపడతాయి. గుండెకు రక్తమిచ్చే నాళాలు మూడు నాలుగు మిల్లీమీటర్లే. వాటిలోకి అయోడిన్ ఉన్న మందు పంపితే అది ఎక్స్‌రేను ఆపుతుంది, నాళం నల్లటి గీతలా కనపడుతుంది. ఎక్కడ సన్నబడితే అక్కడ అడ్డం. మనోళ్లు డై అనేది దీన్నే. రంగు వేయడం ఏమీ ఉండదు, మందు నీళ్లలాగే ఉంటుంది.

దీని వెనక ఒక పిచ్చి ధైర్యం ఉంది. 1929లో జర్మనీలోని ఎబర్స్‌వాల్డెలో వెర్నర్ ఫోర్స్‌మన్ అనే పాతికేళ్ల డాక్టర్, పైవాళ్లు వద్దన్నా వినలేదు. నాకే చేయండి అని ముందుకొచ్చిన నర్సును టేబుల్‌కు కట్టేసి, ఆమెకు తెలియకుండా తన చేతి నరంలోకే సన్న గొట్టం పెట్టుకున్నాడు. దాన్ని గుండె వరకు తోసుకుని, నడిచి ఎక్స్‌రే గదికి పోయి ఫొటో తీయించుకున్నాడు. తిట్లే దక్కాయి. నోబెల్ మాత్రం 1956లో, మరో ఇద్దరితో కలిపి ఇచ్చారు.

1958లో అమెరికాలో, క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో మేసన్ సోన్స్ అనే డాక్టర్ పెద్ద ధమనిలోకి మందు పంపబోతే, గొట్టం జారి గుండె నాళంలోకే పోయింది. మందు వెళ్లిపోయింది. గుండె ఆగింది. రోగిని గట్టిగా దగ్గమన్నాడు, మళ్లీ కొట్టుకుంది. నాళంలోకి నేరుగా పంపినా మనిషి తట్టుకుంటాడని అట్లా తెలిసింది. 1977లో జ్యూరిక్‌లో గ్రూంట్‌జిగ్ అదే దారిలో బెలూన్ పంపి అడ్డం తీశాడు.

ఇప్పుడు మీకు చేసేటప్పుడు మత్తు ఉండదు, చేతి మణికట్టు దగ్గరో తొడ దగ్గరో ఆ చోటు మొద్దుబారే ఇంజక్షన్ ఇస్తారు. మందు పోయేటప్పుడు ఒళ్లంతా వెచ్చగా అనిపిస్తుంది, కంగారుపడొద్దు. అవసరమైతే అదే టేబుల్ మీద స్టెంట్ వేస్తారు. రక్తస్రావం, పక్షవాతం లాంటివి జరగవని కాదు, అరుదు.

మీరు నోరు తెరిచి చెప్పాల్సినవి మాత్రం ఉన్నాయి. ఈ మందు కిడ్నీల గుండా బయటికి పోతుంది. ఎండలో సరిగ్గా నీళ్లు తాగకుండా, ఒళ్లునొప్పులకు రోజూ బిళ్లలు మింగే మనలాంటివాళ్ల కిడ్నీలు ముందే దెబ్బతిని ఉండొచ్చు. అందుకే క్రియాటినిన్ ఎంతుందో చూడమని అడగండి. షుగర్‌కు మెట్‌ఫార్మిన్ వాడుతుంటే చెప్పండి, కొందరిని కొన్నాళ్లు ఆపమంటారు. ఇంతకుముందు ఇలాంటి మందు పడక దద్దుర్లో ఆయాసమో వస్తే తప్పకుండా చెప్పండి. గోదావరి అన్నలు కొందరు "మాకు రొయ్యలు పడవు, అయోడిన్ పడదు" అంటారు. రొయ్యలు పడకపోవడం అయోడిన్ వల్ల కాదు. ఆ ఒక్క కారణంతో పరీక్ష మానుకోనక్కర్లేదు.

ఎక్స్‌రే లేని పద్ధతీ ఒకటుంది. ఎకోలో గుండె సరిగ్గా కనపడకపోతే ఎర్ర రక్తకణం కంటే చిన్న గ్యాస్ బుడగలున్న మందు చేతి నరంలోకి ఎక్కిస్తారు. అయోడిన్ లేదు, గ్యాస్ ఊపిరితోనే పోతుంది, కిడ్నీకి భారం లేదు. 1968లో గ్రామియాక్, షా అనే ఇద్దరు వేరే మందు ఎక్కిస్తూ ఎకోలో మెరుపులు చూశారు, అవి బుడగల వల్లనే అని తర్వాత తేలింది. గుండె గోడ ఎంత కదులుతోంది, లోపల గడ్డ కట్టిందా అన్నవి దీనితో తెలుస్తాయి. నాళంలో అడ్డం ఎక్కడుందో చూడాలంటే మాత్రం ఇది యాంజియోగ్రామ్‌కు బదులు కాదు. మా అన్నకు అటాక్ తర్వాత హైదరాబాద్‌లో ఈ ఎకో చేశారు. గడ్డ దొరికింది, రక్తం పలచబడే మందు ఇచ్చారు. ఫోన్లో "బుడగల మందు ఏమీ నొప్పి లేదు తమ్మీ" అన్నాడు.

ఛాతీ బరువైతే గ్యాస్ అనుకుని సోడా తాగి పడుకోకండి, 998కు ఫోన్ చేయండి. కాగితం చేతికొస్తే తెలుగో హిందీయో వచ్చిన నర్సును అడగండి. పక్కవాడికి మీరే చదివి చెప్పాల్సి వస్తే, చేస్తే ఏంటి, చేయకపోతే ఏంటి అని డాక్టర్‌ను రెండూ అడిగాకే నోరు విప్పండి.

ఆ అన్న మళ్లీ ఇటు రాలేదు. బరువు ఎత్తొద్దన్నారు, ఊళ్లో చిన్న కిరాణా కొట్టు పెట్టుకున్నాడు. పండగకు ఫోన్ చేస్తాడు, పిల్లల గురించి అడుగుతాడు. ఆ కాగితం మాట ఆయన ఎత్తడు, నేనూ ఎత్తలేదు.